చిన్నీ మోసుకెళ్లిన కూలర్ గడ్డి

మూడోసారి కూడా మంచం కింద గడ్డీ బొచ్చూ ఊడ్చీసి డస్ట్‌బిన్‌లో పడీసి, "ఏటే నీ గోల!" అని మా కుందేలు చిన్నీ మీద అరిచీసాను. మొన్న ఎండలప్పుడు, ఖుర్సీపార్‌లో మా ఇంట్లో జరిగిందిది. నాన్న కొత్తగా వేయించిన కూలర్ గడ్డిని చిన్నీ పీకి, నోట కరుచుకుని మంచం కిందకి మోస్తంది. సొంత బొచ్చు కూడా పీకీసుకుంటంది. గజ్జేమోనని కొబ్బరినూనె రాసాను.

"అన్నంలో బొచ్చు పడతంది, ఎవరికైనా ఇచ్చీయే!" అని అమ్మ సణుగుడు.

సాయంత్రం చూస్తే వట్టి గచ్చు మీద నాలుగు పిల్లలు! ఒంటిమీద వెంట్రుక లేదు. కూలర్ గాలికి ఒకటి చల్లబడిపోయింది, ఎంత రుద్దినా కదల్లేదు.

సుపేలా బజార్లో మాకు కుందేళ్ల జత అమ్మిన భయ్యాకి ఫోన్ చేసి, "రెండూ ఆడవే అన్నావు కదా!" అని ఏడ్చి, గడ్డి ఊడ్చీసిన సంగతి కూడా చెప్పాను.

"పొరపాటైంది దీదీ. అది గూడు కట్టుకుంది, తియ్యకూడదు" అన్నాడు.

డస్ట్‌బిన్‌లోంచి బొచ్చు ఏరి మిగతా మూడింటికీ కప్పాను. అవి బతికాయి. పాపం అది మూడుసార్లు కట్టుకుంటే మూడుసార్లూ నేనే పాడుచేసాను, ఎందుకలా చేస్తందో ఒక్కర్నైనా అడగలేదు.

మర్నాడు పొద్దున్నే నేనే కూలర్ విప్పి, సగం గడ్డి పీకి చిన్నీ ముందర పెట్టాను. నైట్ డ్యూటీ నుంచొచ్చిన నాన్న, "వేడిగాలి కొడతందేటే?" అంటే, విసనకర్ర తెచ్చి చేతిలో పెట్టాను.