సన్మానాల ఖర్చు

దాత భుజాలకు నేను శాలువా కప్పుతుంటే, టెంట్‌హౌస్ యజమాని నా వెనక నుంచి మెల్లగా అన్నాడు: "మేడమ్, చెక్కు మీ చేతికి రాంగనే నాకు జర చెప్పుండ్రి. కిరాయి ఉన్నది."

ఆ మాటతోనే నాకు మొదటిసారి భయం వేసింది. ఫొటో కోసం నవ్వుతూనే భయపడ్డాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నెలలో సగం బంద్‌లు. మెదక్‌లో వికలాంగుల క్రీడా సంఘానికి నేను కోశాధికారిని. అర్హత, బీకాం. ఎవరూ అడగకపోయినా ఆ సంగతి చెప్పేదాన్ని. పిల్లలు తుమ్మితే టైఫాయిడ్ దాకా ఊహించుకునే నేను, దాత చిన్నబుచ్చుకుంటాడేమోనని అంతకన్నా ఎక్కువ బెంగపడేదాన్ని. అందుకే ఒక్క శాలువాతో మొదలైన సన్మానానికి మెమెంటో చేర్చాను, తర్వాత ఫ్లెక్సీ, తర్వాత టెంటు, మైకు, బూందీ.

ఆ రోజు వచ్చిన చెక్కు, షాట్‌పుట్ కుర్చీ బాగు చేయించడానికి. నిలబడలేని క్రీడాకారులు అందులో కూర్చుని ఇనుప గుండు విసురుతారు. సంఘానికి ఉన్నది ఆ ఒక్క కుర్చీ, దాని కాలు విరిగింది. పోలియో వల్ల నడవలేని మా షాట్‌పుట్ అమ్మాయి, బట్టలు కుట్టి బతికేది, ఆదివారం రాష్ట్ర సెలెక్షన్లకు వెళ్ళాలి.

సభ అయ్యాక బిల్లులన్నీ కూడి చూస్తే, చెక్కు డబ్బంతా పోయి, పైన సంఘమే ఎదురు పెట్టుకుంది.

"కుర్చీ ఎప్పుడు చేపిస్తరక్కా?" అంది షాట్‌పుట్ అమ్మాయి. నిజం చెప్పేశాను. పకపకా నవ్వింది.

"ఇంకిద్దరు దాతలు దొరికిండ్రంటే మన సంఘానికి తాళమే అక్కా!"

మర్నాడే ఇంకో దాతకు సన్మానం ఉంది, సిమెంటు దుకాణం సేటుకు. ఆ సాయంత్రమే ఆయన దగ్గరికి వెళ్ళాను.

"సేటూ, రేపు సభ లేదు. మీరిచ్చేది సీదా వెల్డింగ్ షాపుల ఇయ్యుండ్రి."

"ఫ్లెక్సీ?"

"లేదు."

"మైకు?"

"లేదు."

"శాలువన్న ఉన్నదా? ఇయ్యాల గాయనకు కప్పితిరి. నేనేమన్న తక్కువనా?"

కొత్త శాలువాకు సంఘం దగ్గర పైసా లేదు. కానీ మా ఇంట్లో ఒకటుంది. సంఘాన్ని చక్కగా నడుపుతున్నానని నాకు కప్పినది.

"ఉన్నది సేటూ. వెల్డింగ్ షాపుల్నే కప్పుతం."

"అయితే పొద్దుగాల్నే వస్త," అన్నాడు.

తెల్లారి పిల్లల మీది నుంచి ఆ శాలువా లాగి, ఇస్త్రీ చేశాను. చలికాలమంతా వాళ్ళు కప్పుకున్నది అదే. అంచు మీద పాల మరక మాత్రం పోలేదు. నాతో పాటు షాపుకు వస్తామని పిల్లలు మారాం చేస్తే చెప్పాను:

"రాండ్రి. కానీ సేటు భుజం మీద మరక కనబడ్డదని నవ్విండ్రో, చూడుండ్రి. కుర్చీ కాలు అతికేదాంక ఎవ్వరు నవ్వొద్దు."