పొడుగు కాలు, పొట్టి కాలు

మొన్న మా వీధి గోడకు ఎవరో పోస్టరు అంటిస్తుంటే, మైలుతుత్తం కలిపి ఉడికించిన మైదాపిండి బంక వాసన గుప్పున తగిలి, వెళ్తున్న పని మరిచి అక్కడే నిలబడిపోయాను. పెనుకొండలో మా ఇంట్లో డిసెంబరు అంటే ఆ వాసనే. కొండ మీదినుంచి దిగే చలిగాలి, ఉడకబెట్టిన చెనక్కాయల ఆవిరి, నూనెలో వేగే నిప్పట్ల నువ్వుల కమ్మదనం, వీటన్నిటి మధ్య మా నాయన వెదురుబద్దలు చీల్చి, ఎర్రటి పల్చని రంగుకాగితం అంటించి క్రిస్మస్ నక్షత్రం కట్టేవాడు.

నాయన పరిగి బడిలో సైన్సు అయ్యవారు. ఏటా మా నక్షత్రంలో మామూలు బల్బే. సరిగ్గా క్యారల్స్ వాళ్ళు మా గడప ముందుకు వచ్చేసరికి కరెంటు పోయేది. నాకు పదేళ్ళప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆయన హిందూపురం బజారు నుంచి శనగగింజంత ఎల్ఈడీ బల్బులు అయిదు తెచ్చాడు. మొనకొకటి చొప్పున, ఒకదాని వెంట ఒకటిగా ఒకే తీగకు కలిపి, స్కూటరు బ్యాటరీతో వెలిగిస్తాననీ, ఈసారి కరెంటు పోయినా నక్షత్రం ఆరదనీ వీధంతా చెప్పాడు.

ఒక్కో బల్బునూ వెలిగించి చూసి, కాగితం మీద పరిచి, ఆయన స్నానానికి వెళ్ళాడు. ఒక బల్బుకున్న రెండు తీగకాళ్ళలో ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. పాపం, తయారీలో తప్పు జరిగిందనుకుని, అవ్వ వక్కలు కత్తిరించుకునే అడకత్తెరతో రెంటినీ సమం చేశాను. అప్పుడు చూస్తే మిగతా నాలుగూ అంతే! నాయన తల తుడుచుకుంటూ వచ్చి, "పొడుగు కాలు ప్లస్సు, పొట్టి కాలు మైనస్సు. తిరగేసి పెడితే వెలగదు. నువ్వే పెట్టు పాపా" అన్నాడు. నాలుగు సరిగ్గానే పెట్టాను. కత్తిరించినదాన్ని మాత్రం ఏదో ఒక వైపు పెట్టేసి, ఊరుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు వీధంతా మా ఇంటి ముందు చేరింది. నాయన తీగ తగిలించాడు. వెలగలేదు. బ్యాటరీ చూశాడు, అతుకులన్నీ విప్పి మళ్ళీ మెలివేశాడు. ఎదురింటి టైలరు నాగప్ప ఊరుకోడు కదా, "సారూ, బ్యాటరీలో నీళ్ళు ఉండాయా?" అని అడిగాడు.

"నీళ్ళు ఉండాయప్పా. బల్బులు నేను చూసే పెట్టిచ్చినా. నాకే చాతకాలేదేమో" అని నాయన నక్షత్రాన్ని దించబోయాడు. బడిలో అంత పెద్దగా పాఠం చెప్పే మనిషి గొంతు అంత చిన్నదైపోతుందని నాకు తెలియదు. ఏడుపు తన్నుకొచ్చి, "నాయనా, ఒకదాని కాలు నేను కత్తిరించినా" అనేశాను.

"ఏది?"

"గుర్తులేదు."

నాయన అవ్వ కొప్పులోని పిన్ను అడిగి తీసుకుని, ఒక్కో బల్బునూ తప్పించి కరెంటు ముందుకు పోయేట్టు, దాని రెండు కాళ్ళనూ పిన్నుతో కలుపుతూ వచ్చాడు. మొదటిది, రెండోది, మూడోది: చీకటే. నాలుగోదానికి తగిలించగానే మిగతా నాలుగూ భగ్గుమన్నాయి. "ఇదే దొంగ!" అని అరిచాడు. దాన్ని విప్పి తిప్పి పెడితే అయిదు మొనలూ ఎర్రగా వెలిగాయి. వీధంతా ఈలలు.

"దీని చేతికి అడకత్తెర ఎవురిచ్చిరి?" అని అవ్వ మాత్రం పండగంతా అడుగుతూనే ఉంది.

ఆ రోజు క్యారల్స్ వాళ్ళు మా గడప ముందు గొంతెత్తగానే, ఆనవాయితీ ప్రకారం కరెంటు పోయింది. చీకటి వీధిలో మా నక్షత్రం ఒక్కటే మిగిలింది. నాగప్ప నా భుజం తట్టి, "మేయ్, వెలుగుతాండాది చూడు!" అన్నాడు, అదేదో నేనే చేసినట్టు.

పోయిన క్రిస్మస్‌కు పెనుకొండ వెళ్ళాను. మా వీధిలోనే ఇరవై దాకా నక్షత్రాలు, అన్నీ అంగట్లో కొన్నవే. పాడైతే పారేసి ఇంకొకటి తెస్తారట. ఒక్కటీ ఆరిపోయి లేదు. ఏ ఇంటి ముందూ తల పైకెత్తి చూస్తున్న మనిషీ లేడు.