ఐదడుగులకొక ఎర్రచుక్క

పొరపాట్లు అందరూ చేస్తారు. టేపు పరచి, కొలిచి, సరిచూసుకుని, అంగుళం తేడా లేకుండా పొరపాటు చేసినవాణ్ణి మాత్రం ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అయి ఉంటాను. రేపు తెరవవలసిన హోటలు గడపను ఈరోజే దగ్గరుండి పగలగొట్టించిన ఆ మహత్కార్యాన్ని తేదీ, వారం, గంటతో సహా చెప్పగలను. చెబితే మా బావమరిది మునెప్ప ఏటేటా దానికి వార్షికోత్సవం జరుపుతాడు. కనుక అది ఆయుధపూజ నాడని మాత్రం చెప్పి ఊరుకుంటాను.

అప్పటికి నేను సర్వేయరు ఉద్యోగం నుంచి కొత్తగా విరమించి, మదనపల్లెలో ఇంటిపట్టున ఉన్నాను. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరకుండవంటారు; కొలిచే చేయి ఆ రెండింటికీ పెద్దన్న. ఇంట్లో కొలవదగినదంతా కొలిచేశాక, వంటింటి తూము తరచు పూడుకుపోతోందన్న సాకుతో, పైపులు శుభ్రం చేసే స్ప్రింగు కేబుల్ ఒకటి కొన్నాను. యాభై అడుగుల ఉక్కుతీగ. మూసి ఉన్న గుండ్రని డబ్బాలో చుట్టుకుని ఉంటుంది. పిడి తిప్పుతూ పైపులోకి వదిలితే, అడ్డు ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది. అయితే ఎన్ని అడుగుల దగ్గర ఆగిందో తెలిపే గుర్తు దానిమీద ఒక్కటీ లేదు. గుర్తులు లేని తీగ నా దృష్టిలో పేరు పెట్టని బిడ్డ. పండుగకు ముందురోజు దానిని పూర్తిగా బయటికి లాగి, వరండాలో సాగదీసి, ఐదడుగులకొకటి చొప్పున ఎర్ర రంగుతో చుక్కలు పెట్టి, ఆరడానికి వదిలాను.

మరునాడు ఉదయం మా ఆవిడ స్కూటరుకు, మిక్సీకి, కత్తిపీటకు, సుత్తికి, చివరకు ఆ కేబుల్‌కు కూడా పూజ చేసింది. హారతి చల్లారక ముందే పుంగనూరు నుంచి మునెప్ప ఫోను.

"బావా, కొంప మునిగింది! రేపు పొద్దున్నే హోటలు ఓపెనింగు. వంటింట్లో నీళ్లు పోసేకొద్దీ ఎగదన్ని పైకి వస్తాండాయి!"

"ప్లంబరును పిలవవయ్యా."

"ఎవురొస్తారు బావా ఈ పొద్దు? అందురూ సామాన్లు పూజలో పెట్టేసినారు. రేపటిదాకా ముట్టరంట. నేను సూస్తే పాల యాపారం వదిలేసి దీంట్లో దిగినాను. పలమనేరు దాకా పోయి చుట్టాలందరికీ చెప్పొచ్చినాను. రేపు తెరవకపోతే ఈ ఊర్లో తలెత్తుకుని తిరగలేను బావా!"

నేను వెంటనే కేబుల్‌ను డబ్బాలోకి చుట్టసాగాను. మా ఆవిడ అడ్డు నిలిచింది.

"పూజలో ఉండేదాన్ని తీస్తావా? ఈ పొద్దు పనిముట్టు ముట్టకూడదు గదయ్యా!"

"ఆచారం కంటే కొలత గొప్పది," అన్నాను గంభీరంగా. ఆ వాక్యాన్ని నేను పలికింది ఒకే ఒక్కసారి. ఆమె పలకడం మాత్రం నేటికీ ఆపలేదు.

ఆమె సాయంత్రం బస్సుకు వస్తానంది. నేను ముందుగా పుంగనూరు చేరాను. అక్కడ పరిస్థితి ఇది: పైపు వంటింటి తూము దగ్గర మొదలై, భోజనాల గది కింద నేరుగా సాగి, ముందు గడపను దాటి వీధికాలువలో కలుస్తుంది. గడపకు కుప్పం నుంచి తెప్పించిన నల్లరాయి, ఒకే పలక, అద్దంలా మెరుస్తోంది. దానిని మేస్త్రీ మస్తాన్ ముందురోజే పరిచాడట.

నేను తూము ముందు చతికిలబడి పిడి తిప్పుతున్నాను. ఒక్కొక్క చుక్క పైపులోకి దిగుతుంటే మునెప్ప దేవుడి ఉత్సవంలో గోవిందలా బిగ్గరగా లెక్కిస్తున్నాడు.

"ఆరు... ఏడు... ఎనిమిది! ఆగిపోయింది బావా! అయ్యో, నీ చేతికి రక్తం!"

"రక్తం కాదు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు," అన్నాను. చూశారా, సత్యం నా అరచేతిలోనే ఉంది. నేను దానిని పంచెకు తుడుచుకున్నాను. "ఎనిమిది ఐదులు నలభై. అడ్డు సరిగ్గా నలభై అడుగుల దగ్గర ఉంది."

"చేయి కడుక్కునే తావున పైపు మీద ఒక ఛాంబరు ఉండాది బావా. మూత తీసి ఒగసారి సూస్తామా?"

టేపు పరచి చూశాను. "అది ఇరవై అడుగులు. బోడిగుండుకూ మోకాలికీ మధ్య ఇంకో ఇరవై అడుగులుంది మునెప్పా."

సాక్ష్యం చెదరకూడదని కేబుల్‌ను పైపులోనే ఉంచి, టేపును ముందుకు నడిపించాను. నలభయ్యో అడుగు వెళ్లి కుప్పం రాతి నడిబొడ్డున కూర్చుంది. మునెప్ప ముఖం ఆ రాయి కంటే నల్లబడింది.

"ఈడనేనా బావా? పక్కనుంచి కుదరదా?"

"అంకెకు పక్క అంటూ ఉండదు."

ఆ పూట పుంగనూరు మొత్తంలో పూజలో లేని గడ్డపార మస్తాన్‌దే. అతడు దానిని భుజాన వేసుకుని వచ్చాడు గానీ, రాయిని చూసి చేయి ఎత్తలేకపోయాడు.

"నిన్న పెట్టినాను సార్ దీన్ని. ఈ పొద్దు పగలగొట్టమంటాండారు. పెండ్లి చేసిన మరుసటి దినమే విడాకులా సార్?"

"కొట్టవయ్యా. లెక్క చూసుకునే చెబుతున్నాను."

కొట్టాడు. రాయి ముక్కలైంది. తవ్వాడు, పైపు బయటపడింది. కోశాడు. లోపల ఎండాకాలంలో బాహుదా ఏరులాగా పొడి ఇసుక తప్ప ఏమీ లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లను చూసి లోకం నవ్వుతుంది. వాళ్లకు ఎలుకైనా దొరికింది.

"లెక్క తప్పదు," అన్నాను చెమట తుడుచుకుంటూ. "పైపులోనే ఏదో తప్పుంది."

"అట్లయితే పైపును స్టేషనుకు తీసకపోయి నాలుగు తగిలిద్దామా బావా?" అన్నాడు మునెప్ప. నవ్వాడో, ఏడ్చాడో నేటికీ నిర్ధారణ కాలేదు.

ఇక చేసేది లేక కేబుల్‌ను వెనక్కి లాగాను. ఈసారి నేనే లెక్కించాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కొన బయటికి వచ్చేసింది. వెళ్లేటప్పుడు ఎనిమిది, వచ్చేటప్పుడు నాలుగు! నా మెదడు క్షణంలో తీర్పు చెప్పింది.

"ఇరవై అడుగుల కేబుల్ లోపలే తెగి ఉండిపోయింది!"

"మొన ఈడనే ఉండాది గదా సార్, బాగుండాదే?" అన్నాడు మస్తాన్.

"మధ్యలో తెగి ఉంటుంది."

మస్తాన్ తీగను, డబ్బాను మార్చి మార్చి చూశాడు. మధ్యలో తెగినా మొనతో సహా క్షేమంగా బయటికి వచ్చిన తీగను ఊహించుకోవడానికి ఎంతటివారికైనా కొంత వ్యవధి కావాలి.

ఆ వ్యవధిలోనే పూలబుట్టతో మా ఆవిడ వచ్చింది. కుడికాలు లోపల పెట్టబోయి, గోతిని చూసి, గాలిలోనే ఆపింది.

"గడప యాడప్పా?"

"బావ కొలిచినాడక్కా," అన్నాడు మునెప్ప. అంతకు మించి వివరణ అవసరం లేకపోయింది.

"నా లెక్కలో దోషం లేదు," అన్నాను కేబుల్ ఎత్తి చూపుతూ. "ఇందులో నాలుగు చుక్కలు మాయమైనాయి."

ఆమె తీగను చూసింది, నన్ను చూసింది, నా ఎర్రని అరచేతిని చూసింది. "చుక్కలేంది? బొట్లు గదా అవి! నువ్వే ముందుగాల పెట్టిండావని అనుకుంటిని. అంతంత దూరంగా, పిసినారిగా పెట్టినావే పాపమని, మొన కాడి నుంచి నడిమధ్యన ఒగొకటి నేను కుంకం తడిపి పెట్టినాను. నీళ్లలోకి తోస్తే కుంకం ఉంటాదా యాడన్నా?"

ఎనిమిదిలో నాలుగు కుంకుమ. మిగిలిన నాలుగు ఐదులు ఇరవై. మునెప్ప నేరుగా వెళ్లి ఛాంబరు మూత తీశాడు. అందులో ఉండలా చుట్టి కుక్కిన సిమెంటు సంచి ఒకటుంది.

"ఆ సంచి నాదే సార్," అన్నాడు మస్తాన్ గడ్డపార వెనుక దాక్కుంటూ. "మట్టి పడకుండా అడ్డం పెట్టి మరిసిపోతిని."

సంచి లాగగానే నీళ్లు జర్రున దిగిపోయాయి. కోసిన చోట పైపు అతికించాం. మరునాడు గోతిమీద చెక్కపలక వేసి, దానికి పసుపు రాసి, హోటలు తెరిచాం. టిఫినుకు వచ్చినవారి కంటే గొయ్యి చూడడానికి వచ్చినవారే ఎక్కువ. చూసినవారందరూ తిని పోయారు. మునెప్ప వాకిట నిలబడి కేకలు వేస్తున్నాడు: "రాండప్పా! లోపల గుంత పొంగనాలు, బయట గుంత ఉచితం!"

నేను ఒక మూల కూర్చుని ఉండగా మా ఆవిడ కుంకుమ భరిణెతో వచ్చి నా నుదుట బొట్టు దిద్దింది.

"నిన్న ఇంట్లో ఉండే ఆయుధాలన్నిటికీ పెట్టినాను. అన్నిటికన్నా ప్రమాదమైందాన్ని మరిసిపోతిని. అందుకే ఇట్లయింది."

ఆ బొట్టు సాక్షిగా అక్కడే ప్రతిజ్ఞ చేశాను: ఇకపై ఎర్రగా కనిపించిన ప్రతిదానినీ అంకెగా స్వీకరించను, ఏ గుర్తునైనా ముందు తడిగుడ్డతో తుడిచి, అప్పటికీ మిగిలితేనే లెక్కలో కలుపుతాను. ప్రతిజ్ఞను అమలులో పెట్టే ఉద్దేశంతో వెంటనే నా నుదుటి వైపు తడిగుడ్డ ఎత్తాను. మా ఆవిడ నా చేతిమీద ఒక్కటిచ్చింది.

ఒక్కటే. రెండుసార్లు సరిచూసుకున్నాను.