సాదా మట్టి కుండీ

ఆర్విడ్ లుండే పచ్చిక మీద టీ చల్లేవాడు. అదే అతని బతుకుతెరువు. తాగే టీ కాదు. మాగిన ఎరువును పలచటి గుడ్డసంచీలో కట్టి, ట్యాంకు నీళ్లలో వేలాడదీసి, కాస్త చెరకు మడ్డి పోసి, అడుగు నుంచి గాలి ఊదుతూ ఒక రోజంతా ఉంచితే దిగే నల్లటి కషాయం. మా విల్లామెట్ లోయలో ఇళ్ల ముందు పచ్చిక పెంచేవాళ్లందరికీ అది తెలుసు. పదకొండేళ్లు అతని వెనక గొట్టం లాగింది నేనే. పొద్దున స్కూలు బస్సు, సాయంత్రం గొట్టం.

"పిల్లల్ని ఎక్కించుకుని ప్రాణాలతో దింపుతావు కదా నెల్డా, ఇక్కడా అదే పని," అనేవాడు ట్యాంకు తట్టి. "ఇందులో ఉన్నవాళ్లు ఇంకా చిన్నపిల్లలు. కళ్లకు కూడా ఆనరు."

ఆ కనబడనివాళ్ల కోసం అతను పెట్టే నియమాలు చూస్తే నాకు ఒళ్లు మండేది. ఊరి కుళాయి నీళ్లు మందు వాసన పోయేదాకా ఒక పూట నిలవ ఉండాలి. రెక్కలు తిరిగే పంపు పనికిరాదు, లోపలి సూక్ష్మజీవులు నలిగిపోతాయట. మెల్లగా నెట్టే పంపు కావాలి. గొట్టం ఎక్కడా మడత పడకూడదు. నాజిల్ రంధ్రంలో బఠాణీ గింజ పట్టాలి. ఎండ దిగాకే చల్లాలి. గాలి ఆపిన నాలుగు గంటల్లో ట్యాంకు ఖాళీ కావాలి, లేకపోతే లోపల ఊపిరాడక అంతా కుళ్లిపోతుంది. ఇంటికొచ్చాక ఎంత అలసిపోయినా ట్యాంకు తోమాల్సిందే. తోమేది మాత్రం నేను.

మిగిలిన టీ ఎప్పుడూ ఇంటికి తెచ్చేవాడు కాదు. చివరి మజిలీ అతనికి రెండు వీధులవతల ఉండే అతని అక్క థోరా ఇల్లు. ట్యాంకులో మిగిలింది ఆమె బీన్స్ పందిళ్ల మీదికి, సంచీలోని పిప్పి ఆ మొదళ్లకి. నేను చేరకముందు ఇరవై ఏళ్ల నుంచీ అంతే.

ఆ బీన్స్ మామూలువి కావు. వాళ్ల నాయనమ్మ నార్వే నుంచి ఓడెక్కినప్పుడు పావడా అంచులో కుట్టి తెచ్చిన గింజలు. తెల్లటి ఒంటి మీద ఊదా చారలు. ఇంకెవరి దగ్గరా లేవు. థోరా ఎవరికీ ఇవ్వదు. ఏటా గాజు సీసాలో దాచి, ఏటా నాటుతుంది. ఆ చలికాలం ఎలుక మూత కొరికి సీసాలో దూరింది. ముప్పై తొమ్మిది గింజలు మిగిలాయి.

"ఆరు తీసుకెళ్లు," అంది థోరా, పరీక్ష కోసం. "మిగతావన్నీ ఈసారి నాటేస్తాను. సీసా మీద నాకు నమ్మకం పోయింది."

పరీక్ష సంగతి చెప్పాలి. కొత్త ఎరువు కుప్ప వాడే ముందు ఆర్విడ్ రెండు కుండీలు పెట్టేవాడు. ఒకదాంట్లో కొత్త ఎరువు కలిపిన మట్టి, ఇంకోదాంట్లో సాదా మట్టి. చెరో మూడు గింజలు. మూడు వారాలు వాననీళ్లు మాత్రమే. కలుపుమందు తగిలిన ఎండుగడ్డి తిన్న గుర్రాల పెంటలో ఆ మందు అలాగే మిగిలిపోతుంది. కుప్ప వేడికీ చావదు. పచ్చికని ఏమీ చెయ్యదు, కానీ బీన్స్ ఆకు కనబడితే మెలిపెట్టేస్తుంది. ఎరువు కుండీలో ఆకు ముడుచుకుని, సాదా కుండీలో నిటారుగా ఉంటే ఆ కుప్ప పారెయ్యాల్సిందే.

ఆ ఏడు, ఎప్పుడూ మాకు పెంట ఇచ్చే పాడిరైతు ఆవుల్ని అమ్మేసుకున్నాడు. ఆర్విడ్ కొండ పక్కన కొత్తగా వెలిసిన గుర్రపుశాల నుంచి పెంట తెచ్చాడు. ఆ శాలవాడు ఎండుగడ్డి మోపు విప్పి మరీ చూపించాడు. "చూడండి, వెతికినా ఒక్క కలుపు మొక్క దొరకదు!" ఆర్విడ్ ఆ గడ్డి వాసన చూశాడు. బండెక్కాక, "మరీ శుభ్రంగా ఉంది," అని మాత్రం అన్నాడు.

ఏప్రిల్‌లో కుండీలు పెట్టాడు. మర్నాడు మూడు రోజులకని పోర్ట్‌లాండ్‌లో పంటి వైద్యుడి దగ్గరికి వెళ్తూ నాకు చెప్పాడు.

"వాననీళ్ల పీపాలోంచే పొయ్యి. ఒక్క చెంబు. రెండిటికీ."

"నీళ్లు పొయ్యడం కూడా నేర్పిస్తావా నాకు?"

పీపా షెడ్డు వెనక ఉంది. జోరున వాన. గుమ్మం పక్కనే బకెట్లో టీ ఉంది, కొత్త కుప్పతో ఎలా దిగుతుందో చూడటానికి తీసినది. పసి మొక్కలు మొలిచే చోట నీళ్ల కంటే టీ మేలు కదా అనుకున్నాను. పదకొండేళ్లు అతని నోట విన్నది అదే మరి. రెండు కుండీల్లోనూ బకెట్టే వంచాను. మర్నాడూ, ఆ మర్నాడూ కూడా.

మూడు వారాలకు రెండు కుండీల్లోనూ ఆకులు గరిటెల్లా ముడుచుకున్నాయి. ఆర్విడ్ రెండు కుండీలూ కిటికీ వెలుగులోకి జరిపాడు.

"ఎరువుదే తప్పయితే సాదా కుండీ బాగుండాలి," అన్నాడు. "రెండూ ఇలాగే ఉన్నాయంటే చలి కొట్టినట్టుంది. ఏమంటావు?"

"చలే," అన్నాను. బకెట్టు సంగతి నోటిదాకా వచ్చింది. చెప్పినమాట విననందుకు వారం రోజులు సాధిస్తాడని మింగేశాను. నా బద్ధకం కంటే ఆ మింగడమే నేను చేసిన పెద్ద పాపం.

మే నెలలో చల్లడం మొదలుపెట్టాం. మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం ఒక ఇంటావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది, మొహం నిండా సంతోషం.

"ఏం మాయ చేశారండీ! క్లోవర్ కలుపంతా, దాని పూలతో సహా పోయింది. పిల్లలకి ఇంక తేనెటీగలు కుట్టవు!"

పచ్చిక నున్నగా, ముదురాకుపచ్చగా మెరుస్తోంది. మధ్యలో మూడాకుల క్లోవర్ మెలికలు తిరిగి గోధుమరంగుకి మారి పడుంది. క్లోవర్‌దీ బీన్స్‌దీ ఒకటే కులం. తర్వాత ఇంట్లోనూ అంతే. ఆ తర్వాత ఇంట్లోనూ. అందరూ మెచ్చుకునేవాళ్లే. ఆర్విడ్ ఒక ఆకు తుంచి వేళ్ల మధ్య తిప్పి జేబులో వేసుకున్నాడు.

"క్లోవర్‌ని టీ ఎప్పుడూ చంపలేదు," అన్నాడు.

"ఈ ఏడు చలి ఎక్కువ కదా," అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఆ రోజే నాకు తెలిసిపోయింది అంటే సగం అబద్ధం. తెలియలేదు అంటే పూర్తి అబద్ధం.

జూన్ మొదట్లో థోరా గింజలు మొలకెత్తాయి. ముప్పై మూడు నాటితే ఇరవై ఎనిమిది వచ్చాయి. రెండేసి ఆకులు, తళతళలాడుతూ. చివరి మజిలీగా బండి ఆమె పెరటి గేటు దగ్గర ఆపాడు. థోరా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"బాగా పొయ్యరా తమ్ముడూ. ఈసారి వీటిమీదే నా ప్రాణాలన్నీ."

గొట్టం నా చేతుల్లో ఉంది. ఆర్విడ్ పంపు వేశాడు. నాజిల్ మూసి పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట చాలు. ఇవాళ వద్దు, ముందు బకెట్టు సంగతి విను, అంటే చాలు. బండి దగ్గర్నుంచి అతను కేకేశాడు.

"నిద్రపోయావా ఏంటి? గాలి ఆపి మూడు గంటలైంది, తొందరగా కానీ!"

నాజిల్ తెరిచాను. నల్లటి జల్లు ఆ లేతాకుల మీద చప్పుడు లేకుండా పడింది. తర్వాత అతను సంచీ దులిపి పిప్పి మొదళ్లకి సర్దాడు, పసిపిల్లలకి దుప్పటి కప్పినట్టు. థోరా మాకు కాఫీ ఇచ్చింది. నేను నా కప్పు గేటు పక్కన ఒంపేశాను.

రెండు వారాలకు పొద్దున్నే థోరా అతనికి ఫోన్ చేసింది. మేం వెళ్లేసరికి ఆమె పందిళ్ల మధ్య పీట వేసుకుని కూర్చుని ఉంది. ఇరవై ఎనిమిది తీగల్లో ఒక్కటీ నిటారుగా లేదు. కాడలు మెలితిరిగి నేలకు వంగిపోయాయి. కొసలు పిడికిళ్లలా బిగుసుకున్నాయి. ఇంక అవి పూయవు, కాయవు. ఆ నేలలో రెండు మూడేళ్ల దాకా ఇంకే బీన్సూ రాదు.

"పరీక్ష పెట్టావు కదూ?" అంది థోరా. "ఆరు గింజలు పట్టుకెళ్లావు."

ఆర్విడ్ టోపీ తీశాడు. నావైపు చూడలేదు.

"లేదక్కా. ఆలస్యమైపోతోందని పెట్టలేదు. ఆ గింజలు ఎక్కడో పారేసుకున్నాను."

థోరా పీట మీంచి లేచింది.

"నాయనమ్మ సముద్రం దాటించింది," అంది. "నువ్వు మూడు వారాలు ఆగలేకపోయావు. వెళ్లు ఇక్కణ్నుంచి."

బండిలో కూర్చున్నాక అడిగాను. "ఎందుకలా చెప్పావు?"

"పొద్దున ఫోన్ పెట్టేసి కుండీలు చూశాను. సాదా మట్టి మీద ఎరువు నలుసులు అట్టకట్టి ఉన్నాయి." తాళం తిప్పాడు. "వాననీళ్లలో నలుసులుండవు నెల్డా."

"మరి నా పేరు చెప్పొచ్చు కదా!"

"కుప్ప నాది. క్లోవర్ చూసి కూడా ఆగనిది నేను. నువ్వు ఈ ఊళ్లో పిల్లల బస్సు నడపాలి."

ఆ వారమే ట్యాంకూ పంపూ అమ్మేశాడు. చల్లిన ప్రతి ఇంటికీ వెళ్లి, కూరగాయలు వెయ్యొద్దనీ, కోసిన గడ్డి ఎవరికీ ఇవ్వొద్దనీ చెప్పాడు. మే నెలలో మెచ్చుకున్నవాళ్లే మొహం మీద తలుపేశారు. తర్వాత నాలుగేళ్లు బతికాడు. థోరా ఒక్కసారి కూడా పిలవలేదు. చర్చిలో చెరో వైపు కూర్చునేవాళ్లు. నేను వెనక కూర్చుని ఆ రెండు తలలూ చూస్తూ ప్రతి ఆదివారమూ, వచ్చే ఆదివారం చెబుదాం అనుకునేదాన్ని.

అతన్ని పూడ్చిపెట్టిన రోజు చర్చి కింది హాల్లో అందరికీ కాఫీ పోస్తున్నారు. థోరా నా పక్కన కూర్చుంది. ఎనభై రెండేళ్ల మనిషి, కప్పు రెండు చేతులతో పట్టుకుంది.

"ఒక్కటే అర్థం కాదు నాకు," అంది. "వాడు నియమాల మనిషి. ఆ ఒక్క ఏడూ పరీక్ష ఎందుకు మానేశాడు? నీతోనైనా చెప్పాడా?"

"మానలేదు థోరా. రెండు కుండీలూ పెట్టాడు. సాదా కుండీలో టీ పోసింది నేను. నన్ను కాయడానికి నీతో అబద్ధం చెప్పాడు."

ఆమె కప్పు బల్లమీద పెట్టి, పైన చర్చి బెంచీల దగ్గరికి వెళ్లే మెట్లవైపు చూసింది.

"నాలుగేళ్లు," అంది. "రెండు వీధులవతలే ఉన్నాడు."