గుర్రం కాలికి తోలు తొడుగు

గుర్రం కాళ్లకు తోలు తొడుగులు వేయాలా వద్దా అన్న విషయంలో నాకు ఇద్దరు చెరో మాట చెప్పారు. వరంగల్‌లో నాకు గుర్రాన్ని అమ్మిన టాంగా ముసలాయన వద్దన్నాడు. మా పశువుల దవాఖాన డాక్టరుగారు వేసి తీరాలన్నారు. డెబ్బైల చివర్లో నన్ను ఏటూరునాగారం వైపు కాంపౌండరుగా వేశారు. రోడ్డు దిగితే ఊళ్లకు కాలిబాటలే. సైకిలు ఇసుకలో కూరుకుపోయేది. మా వంశంలో పెళ్లిరోజున తప్ప గుర్రమెక్కినవాడు లేడు, నాకా పెళ్లి కూడా కాలేదు. అయినా ఎక్కక తప్పలేదు.

తొడుగంటే పెద్ద సరంజామా ఏమీ కాదు. మోకాలి కింద నుంచి గిట్ట పైదాకా చుట్టే తోలు ముక్క, లోపల కంబళి గుడ్డ, పక్కన బకిళ్లు. అడవి బాటల్లో నరికిన వెదురు మోళ్లుంటాయి, గీసుకుంటే నరం దాకా తెగుతుందని డాక్టరుగారి భయం. ముసలాయన భయం వేరు.

"వాగులు దాటే గుర్రానికి అవి కట్టకు సారూ. ఇసుక లోపలికి వోతది, తోలు ఒరుసుకుంటది. కాలుకు గాలి తగలాలె" అన్నాడు.

నేను చదువుకున్నాయన మాటే విన్నాను. నేనూ కాస్త చదువుకున్నవాణ్ణే కదా, ఆ పొగరు ఎక్కడికి పోతుంది?

ఆ ఊళ్లలో అప్పటికింకా గుర్రం మీద మనిషి కనిపిస్తే దొర కిందే లెక్క. నేను ఎదురైతే జనం బాట వదిలి గడ్డిలోకి జరిగేవారు. కొందరు చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేవారు. "దండం దొరా" అనేవారు. నేను కిరాణా కొట్టాయన కొడుకుని, నాకెందుకయ్యా దండాలు అని అరవాలనిపించేది. దూడకు మందు పోస్తున్నప్పుడు కూడా దూరంగా నిలబడి అడిగినదానికే జవాబు చెప్పేవారు. మేత తింటున్నదా? తింటలేదు. అంతే, మాట అయిపోయేది.

హనుమకొండ బజారులో మా ఇల్లు దుకాణం వెనకే. తెల్లారింది మొదలు బేరాలు, పోట్లాటలు, నవ్వులు. ఆ గోల భరించలేక చెవులు మూసుకుని చదువుకున్నవాణ్ణి, ఇక్కడ మనిషి గొంతు కోసం మొహం వాచిపోయాను. సాయంత్రం గదికి వచ్చి గుర్రం తొడుగుల బకిళ్లు ఒక్కొక్కటే విప్పుతూ ఆ రోజు సంగతులన్నీ దానికే చెప్పేవాణ్ణి. అది చెవులాడిస్తే విన్నదనుకునేవాణ్ణి. కొన్నిసార్లు చెబుతూ చెబుతూ ఏడ్చేవాణ్ణి కూడా.

వానాకాలం వచ్చింది. అడుగడుగునా వాగులే. ప్రతి వాగు దగ్గరా తొడుగు విప్పి కట్టే ఓపిక ఎవరికుంటుంది? ఒక సాయంత్రం విప్పి చూస్తే లోపలంతా ఇసుక, ముందరి కాలి చర్మం ఒరుసుకుపోయి పచ్చిపుండు. ముసలాయన చెప్పినట్టే అయింది. డాక్టరుగారిని, నన్నూ కలిపి తిట్టుకుంటూ పుండు కడిగి, మందు రాసి, మెత్తటి గుడ్డ చుట్టాను. గుర్రం నడవొచ్చు, నేను ఎక్కకూడదు. మందుల సంచి దాని వీపున వేసి, కళ్లెం పట్టుకుని నడక మొదలుపెట్టాను.

సంత రోజున బాట మీద ఒక అవ్వ ఎదురైంది. నెత్తిన కోళ్ల గంప. గుర్రాన్ని చూసి అలవాటుగా గడ్డిలోకి జరిగి, ఖాళీ జీను వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

"నడుస్తాండవేంది సారూ?"

"గుర్రం కాలికి పుండైంది అవ్వా."

"అయ్యో పాపం" అంటూ నా పక్కకొచ్చి నడిచింది. సంత చేరేదాకా చిన్నకోడలి మీద ఫిర్యాదులే. ఆ తర్వాత ప్రతి సంతకూ అవ్వతోపాటు మరికొందరు కలిశారు. నీది ఏ ఊరు, పెళ్లెందుకు కాలేదు, అన్నం నువ్వే వండుకుంటవా అని అడిగేవారు. నా పప్పు రోజూ మాడుతుందని చెబితే బాటంతా నవ్వులు. దొర పోయి సారునయ్యాను, అవ్వ నోట సారు కూడా పోయి బిడ్డనయ్యాను.

పుండు మానింది. కొత్త వెంట్రుకలు మొలిచాయి. ఆ వారం సంత రోజు పొద్దున రికాబులో కాలు పెట్టాను. దూరంగా బాట మీద జనం కనిపించారు. కాలు తీసేశాను. శుభ్రమైన గుడ్డ తెచ్చి, ఏ నొప్పీ లేని ఆ కాలికి కట్టు కట్టి, నడుచుకుంటూ వెళ్లి వాళ్లను కలుసుకున్నాను. ప్రతి వారం అదే తంతు. గుర్రమేమో చెంగుచెంగున నడిచేది. ఎవరైనా కనిపెడితే మళ్లీ జీనెక్కి దొరనైపోతానేమోనని నాకు గుబులు.

చలి మొదలైన రోజుల్లో ఒకసారి వాగు దాటుతుంటే కట్టు జారి నీళ్లలో పడింది. కాలు నున్నగా, మచ్చ కూడా లేకుండా బయటపడింది. పక్కనే అవ్వ.

"లోపల ఇంకా జర నొప్పున్నది అవ్వా" అన్నాను తడబడుతూ.

అవ్వ గంప ఒడ్డున దించి, నీళ్లలోంచి గుడ్డ తీసి, గట్టిగా పిండి నా చేతికిచ్చింది.

"కాలు దసరాకు ముందే బాగైంది బిడ్డా. మాకందరికి ఎరుకే."

"మరి ఒక్కలు గూడ చెప్పలేదేంది?"

"చెప్తే ఎక్కి పోతవు గద. మల్ల నీతోని ఎవలు మాట్లాడ్తరు?"

వంగి ఆ తడిగుడ్డనే మళ్లీ చుట్టసాగాను. కళ్లు మసకబారి ముడి సరిగా పడలేదు. నేను కట్టు కట్టడం అయ్యేదాకా అవ్వ కళ్లెం పట్టుకుని నిలబడింది.