వెనక వినిపించిన తుమ్ము

జర్మనీలో ఎయిర్ రైఫిల్ పోటీలకు వెళ్లినప్పుడు, మమ్మల్ని హోటల్ నుంచి షూటింగ్ రేంజికి తీసుకెళ్లే వ్యాను నడిపింది ఒక పెద్దావిడ. మొదటి రోజు రైఫిల్ పెట్టె పట్టుకుని నేను దిగబోతుంటే ఆవిడ గట్టిగా తుమ్మింది. నేను మళ్లీ సీట్లో కూర్చున్నాను.

"ఒంట్లో బాగాలేదా?" అని ఇంగ్లీషులో అడిగింది.

నాకు మాత్రం నౌపడలో మా నాన్నమ్మ మాట వినబడుతోంది: "ఒసే, ఎవులో తుమ్మినారు. ఓపాలి కూకోని, నీల్లు తాగి ఎల్లు."

సంగతి చెప్పాను. ఆవిడ కాస్త నొచ్చుకుంది. "మా దగ్గర ఎవరైనా తుమ్మితే, ఆరోగ్యంగా ఉండమని దీవిస్తాం" అంది. నేను నీళ్లు తాగే దిగాను.

ఫైనల్ రోజు వ్యాను ఆగగానే ఆవిడ ముక్కు నొక్కి పట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. త్వరగా దిగమని చేత్తో సైగ చేసింది. నేను రేంజి తలుపు దాకా వెళ్లానో లేదో, వెనక నుంచి వ్యాను అదిరిపోయేంత తుమ్ము!

బయల్దేరాక వెనక్కి తిరగకూడదని చెప్పిందీ నాన్నమ్మే. అయినా తిరిగి, ఇంట్లో పసిపిల్లలు తుమ్మితే నాన్నమ్మ అనే మాటే అరిచాను.

"నిండు నూరేళ్లు!"