బీరువా వెనక మూల

ఆయన్ని అందరూ మూలల మేస్త్రీ అనేవారు. గోడా కప్పూ కలిసేచోట తెల్లటి ప్లాస్టర్‌తో పూల అంచు వేస్తారే, కార్నిస్ అంటారు, ఆ పనిలో ఆయనకు పేరు. పొడుగు ముక్కలు ఎవరైనా అంటిస్తారు. రెండు ముక్కలు మూలలో కలిసేచోటే మేస్త్రీ బండారం బయటపడుతుంది. తన మూలల్లో అతుకు ఎక్కడుందో పట్టుకున్నవాడు లేడని ఆయన అడిగినా, అడక్కపోయినా చెప్పేవాడు. అయితే సొంతింటి కప్పు వంక ఏనాడూ చూసిన పాపాన పోలేదు. తీరా చెయ్యి వణకడం మొదలై, పనులు మానేశాక, "మన హాలుకి నేనే వేస్తా" అని భీష్మించుకు కూర్చున్నాడు.

కోడలు వద్దనలేకపోయింది. టీ ఒలకబోసుకుంటాడని గ్లాసులో సగమే పోసి ఇచ్చే మనిషి, ఆ చేతికి రంపం ఎలా అందించిందో మరి! భర్త లారీ మీద వెళ్తే వారాల తరబడి రాడు, ఇంట్లో వీళ్ళిద్దరే. ఆమె నిచ్చెన పట్టుకుంది, ఆయన పైకెక్కాడు. పని అయ్యేసరికి నాలుగు మూలల్లోనూ అతుకులు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆయన కళ్ళజోడు పాతదైపోయింది గనక, ఆయనకు మాత్రం అంతా నున్నగానే కనబడింది.

మర్నాడు ఆమె అక్క వచ్చి, పైకి చూసి, "ఏంటే, మీ కప్పుకి పళ్ళూడాయా?" అని పకపకా నవ్వింది. కోడలికి తల కొట్టేసినట్టయింది. మామగారు కూతురింటికి వెళ్ళడమే ఆలస్యం, ఆయన దగ్గర పని నేర్చుకున్న శిష్యుణ్ణి పిలిపించింది. అతను మూడు మూలల్ని కోసేసి, కొత్త ముక్కలు అతికించి, అచ్చం గురువు చేతిలాగే దిద్దాడు. నాలుగో మూలకి, పనయ్యాక మళ్ళీ అక్కడికే జరిపిన బీరువా, దాని మీద కప్పు దాకా సూట్‌కేసులూ అడ్డం. "అదెవరు చూడొచ్చార్లేమ్మా" అన్నాడు. సరేనంది. ఇదంతా మామగారి మనసు నొప్పించకుండా ఉండటానికేనని తనకు తాను సర్దిచెప్పుకుంది. అబద్ధం. అక్క నవ్వు తట్టుకోలేక చేసింది.

కూతురు ఆయనకు కొత్త కళ్ళజోడు చేయించి పంపింది. వస్తూనే ఆయన హాలు నడిమధ్య నిలబడి, తల వెనక్కి వాల్చి, కనబడే మూడు మూలలూ తనివితీరా చూసుకున్నాడు.

"చూశావా అమ్మాయ్! చెయ్యి వణికితే వణికింది గానీ పని మర్చిపోలేదు."

ఆ మాటకి కోడలు వంటింట్లోకి తప్పుకుంది. ఆ రోజు నుంచి ముసలాయన నడకే మారిపోయింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి కప్పు చూపించసాగాడు. అలా చూడటానికి వచ్చిన పక్కింటావిడ, "మా మేడమెట్ల మీద కప్పుకి కూడా మీరే వెయ్యాలి బాబాయ్‌గారూ, పరంజా కట్టిస్తాను" అంది. ఆవిడ మాట పూర్తికాకముందే ఆయన సరేనన్నాడు. అది కోడలి చెవిన పడింది. అంత ఎత్తునుంచి జారితే ఇంకేమన్నా ఉందా? ఆయన్ని ఎక్కిస్తున్నది ఆవిడ కట్టించే పరంజా కాదు, తన అబద్ధం.

పొద్దున్న ఆయన పెరట్లో కూర్చుని తాపీ తుడుచుకుంటుంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, ఆ మూలలు మీరు వేసినవి కావు."

"మరి దేవుడొచ్చి వేశాడా?" అని నవ్వాడాయన.

"మీ శిష్యుడు వేశాడు. మీరు వదినావాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేనే పిలిపించాను."

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. "తలుపు మీదిది?"

"అతనే."

"కిటికీ పక్కది?"

"అదీ అతనే. టీవీ మీదిది కూడా. బీరువా వెనకది మాత్రం మీదే. ఎవరికీ కనబడదు కదా అని వదిలేశాం."

అన్నాక తెలిసింది ఎంత మాట అన్నదో. నాలుక కొరుక్కున్నా లాభం లేదు.

"బీరువా జరుపు" అన్నాడాయన.

సూట్‌కేసులు దించి, భుజం ఆనించి తోసింది. నిచ్చెన తెమ్మంటే తెచ్చి, రెండు చేతులా బిగించి పట్టుకుంది. ఆయన ఎక్కి, కొత్త కళ్ళజోడు సర్దుకుని, అతుకులో వేలు పెట్టాడు. వేలు గోరు మునిగేదాకా వెళ్ళింది. చాలాసేపు దిగలేదు.

"వాడు నవ్వాడా, కోసేటప్పుడు?"

"లేదు మామయ్యా." అది నిజమే. నవ్విందెవరో మాత్రం చెప్పలేదు.

దిగాక, "పక్కింటావిడకి చెప్పు, నాకు మోకాళ్ళ నొప్పులని" అన్నాడు.

"నన్ను నాలుగు తిట్టండి మామయ్యా" అని ఆమె ఏడ్చేసింది. ఆయన తిట్టలేదు. ఆమె బీరువాని మళ్ళీ వెనక్కి తొయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ. ఈ హాల్లో నాదంటూ మిగిలింది అదొక్కటే."

బీరువా ఇప్పుడు వంటింటి దారికి అడ్డంగా ఉంది. వచ్చీపోయేటప్పుడల్లా కోడలి మోచేతికి తగులుతుంది. మొన్న అక్క మళ్ళీ వచ్చి, ఆ మూల చూసి నోరు తెరవబోయింది.

"అది మా మామయ్య చేతి పని" అంది కోడలు.

కింద కుర్చీలో ముసలాయన సగం గ్లాసు టీ తాగుతున్నాడు. తలెత్తి పైకి చూడలేదు.